ముఖ నాడీశూల: చికిత్సలను తూచుకొనుట

నొప్పులలో కొన్ని మనిషిని మంచము పట్టించును. మరికొన్ని మనిషి నోరు కట్టివేయును. ఇప్పుడు మనము చెప్పుకొనబోవునది రెండవ తెగకు చెందిన నొప్పి. మాటాడిన వచ్చును, అన్నము నమలిన వచ్చును, మొగము కడుగుకొనిన వచ్చును, కిటికీలోనుండి చల్లగాలి చెంపకు సోకినను వచ్చును. వచ్చినప్పుడు కొన్ని క్షణములు మొదలుకొని రెండు నిమిషముల వరకు మాత్రమే యుండి, వచ్చినంత హఠాత్తుగా పోవును. కాని ఆ స్వల్పకాలములోనే విద్యుత్తీగ తగిలినట్లు, సూదులతో గ్రుచ్చినట్లు మనిషిని విలవిలలాడించును. దినమునకు పదులకొలది సారులు వచ్చుటయు కలదు. ఆధునిక వైద్యులు దీనిని ట్రైజెమినల్ న్యూరాల్జియా అందురు. మనము తెలుగున ముఖ నాడీశూల అని పిలుచుకొందము.

ఈ వ్యాధి తనంతట ప్రాణము తీయదు. కాని భోజనమునకు కూర్చుండుట యనిన భయము పుట్టించి, గడ్డము గీచుకొనుట మాన్పించి, పలుకరించిన వారికి బదులు చెప్పుటకు వెనుదీయునట్లు చేయును. ఒకప్పుడు దీనికి చేయదగిన దేమియు లేదు. నేడు పరిస్థితి మారినది. మందులు గలవు, నాలుగైదు విధములైన శస్త్రచికిత్సలును గలవు. అందుచేత చిక్కు మరియొక రూపమున వచ్చినది. ఒక వైద్యుడు మాత్రలు చాలుననును. మరియొకరు తల తెరచి చేయు శస్త్రచికిత్స మేలనును. బంధువులలో నొకరు కిరణ చికిత్స పేరు వినివచ్చి చెప్పుదురు. రోగియు, ఇంటివారును ఎవరి మాట వినవలెనో తెలియక నెలలు గడుపుదురు. ఏ చికిత్స మంచిది అని యడుగుటకంటె, ఏ చికిత్స యెవరికి, ఎప్పుడు, ఏమి మూల్యము పుచ్చుకొని మేలు చేయును అని యడుగుట యుక్తము. ఆ తూనికకు పనికివచ్చు సంగతులను క్రమముగా చెప్పుటయే యీ ప్రసంగము యొక్క ఉద్దేశము.

నొప్పి యెక్కడ పుట్టును?

మెదడునుండి నేరుగా వెలువడు నాడులు పండ్రెండు జతలు. వానిలో అయిదవది త్రిధార నాడి. పేరునకు తగినట్లు ఇది మూడు పాయలుగా చీలును. మొదటి పాయ కన్నునకు, నుదుటికి; రెండవది చెంపకు, ముక్కుప్రక్కకు, పై పెదవికి, పై పండ్లకు; మూడవది క్రింది దవడకు, క్రింది పండ్లకు పోవును. మొగము మీద ఈగ వాలినను, వేడినీరు పడినను ఆ వార్త మెదడునకు చేరవేయునది ఈ నాడియే. నమలునట్టి కండరములను కదలించునదియు దీని మూడవ పాయయే.

ఈ నాడి మెదడు కాడనుండి బయలుదేరు చోట దానిని ఆనుకొని రక్తనాళములు పోవుచుండును. వయస్సు పెరిగినకొలది రక్తనాళములు సాగి, మెలికలు తిరుగును. అట్టి మెలిక యొకటి నాడిమీద పడి, గుండె కొట్టుకొనినప్పుడెల్ల దానిని మోదుచుండిన, నాడీతంతువుల మీది తొడుగు క్రమముగా అరిగిపోవును. విద్యుత్తీగల మీది రబ్బరు తొడుగు అరిగినచో ఒక తీగలోని ప్రవాహము మరియొక తీగలోనికి దూకును గదా! అట్లే ఇక్కడ మెత్తని స్పర్శను మోసికొనిపోవు తంతువులనుండి ప్రేరణ బాధను మోయు తంతువులలోనికి దూకును. అందుచేతనే తుండుగుడ్డ చెంపకు తగిలినంత మాత్రమున పిడుగు పడినట్లగును.

ఈ వ్యాధి అరుదైనదే. లక్షమంది జనాభాలో ఏటేట క్రొత్తగా నలుగురు మొదలు పదముగ్గురి వరకు దీని పాలగుదు రని వివిధ దేశముల లెక్కలు చెప్పుచున్నవి. పురుషులలో కంటె స్త్రీలలో నెక్కువ. ఏబది యేండ్లు దాటిన వారిలో నెక్కువ. ఎడమ ప్రక్క కంటె కుడి ప్రక్క నెక్కువ. మొదటి పాయలో మాత్రమే వచ్చుట తక్కువ. రెండవ, మూడవ పాయలలో వచ్చుటయే సాధారణము.

వ్యాధి క్రొత్తది కాదు. మన ప్రాచీనులు చెప్పిన శిరోరోగములలో అనంతవాతమును కొందరు వైద్యులు దీనితో పోల్చుదురు. తత్త్వవేత్తగా ప్రసిద్ధుడైన జాన్ లాక్ వైద్యుడు కూడ. ఆయన 1677 లో పారిసు నగరమున, ఆంగ్ల రాయబారి భార్య కీ నొప్పి వచ్చుట చూచి, దాని లక్షణములను తన మిత్రులకు లేఖలలో వివరముగా వ్రాసెను. ఫ్రాన్సున నికొలా ఆండ్రే 1756 లో దీనికి ప్రత్యేకముగ నొక పేరు పెట్టెను. లండనులో జాన్ ఫాదర్‌గిల్ 1773 లో దీనిని విపులముగా వర్ణించెను. లక్షణములు వారికి చక్కగా తెలిసినను, కారణము తెలియుటకు మరి రెండు వందల యేండ్లు పట్టినది.

పన్ను పీకించుటకు ముందు

చికిత్సను గూర్చి ఆలోచించుటకు ముందు, వ్యాధి ఇదియే అవునా కాదా అని నిర్ణయించుకొనవలెను. ఇక్కడనే చాలమంది దారి తప్పుదురు. నొప్పి దవడలో వచ్చుటచేత పంటి నొప్పి యని తలచి, లవంగ నూనె పెట్టి, తగ్గనిచో పన్ను పీకించుకొందురు. నొప్పి తిరిగి వచ్చిన, ప్రక్క పన్నును పీకించుకొందురు. ఈ విధముగా రెండు మూడు మంచి పండ్లు పోగొట్టుకొనిన తరువాత నాడీవైద్యుని చెంతకు వచ్చువారు ప్రతి దేశమునను కలరు.

రెంటికిని భేదము గుర్తించుట అంత కష్టము కాదు. పంటి నొప్పి గంటల తరబడి యుండును. వేడికి చల్లనికి హెచ్చును. రాత్రివేళ నిద్ర చెరచును. నాడీశూల క్షణములలో వచ్చి పోవును. మెత్తగా తాకిన చాలును రేగును. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ ఏమియు లేనట్లుండును. నిద్రలో సాధారణముగా బాధింపదు. తలలో ఒక ప్రక్క వచ్చు పార్శ్వపు నొప్పి గంటలకొలది యుండి, వాంతి వచ్చునట్లు చేయును. సర్పి లేచి మానిన పిమ్మట మిగులు నొప్పి ఎడతెగక మండుచుండును. దవడ కీలు నొప్పి నోరు బాగుగా తెరచినప్పుడు తెలియును. రోగి ఈ వివరములను స్పష్టముగా చెప్పగలిగిన, సగము నిర్ణయము అయినట్లే. ఈ వ్యాధిని పట్టి యిచ్చు రక్తపరీక్ష ఏదియు లేదు. రోగి చెప్పు మాటయే వైద్యునకు ముఖ్యాధారము.

అయినను ఎం.ఆర్.ఐ. అను అయస్కాంత చిత్రపరీక్ష ఒకసారి చేయించుట అవసరము. దాని ప్రయోజనములు రెండు. కొందరిలో ఈ నొప్పికి కారణము రక్తనాళము గాక, నాడిని ఒత్తుచున్న గడ్డ గాని, మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నాడీమండల వ్యాధి గాని అయి యుండవచ్చును. అది తేల్చుట మొదటిది. రక్తనాళము నాడిమీద పడియున్నదా, పడిన ఎంత గట్టిగా ఒత్తుచున్నది అని చూచుట రెండవది. నలువది యేండ్లలోపు వారికి వచ్చినను, రెండు ప్రక్కల వచ్చినను, మొగము మొద్దుబారినను, ఆ ప్రక్క చెవి వినికిడి తగ్గినను ఈ పరీక్ష చేయించుటలో జాగు కూడదు.

మాత్రలు: మొదటి మెట్టు

తలనొప్పికి, కీళ్ళనొప్పికి వాడు మాత్రలు దీనికి పనిచేయవు. నల్లమందు జాతికి చెందిన తీవ్రమైన ఔషధములును అంతగా పనిచేయవు. పనిచేయునవి మూర్ఛ వ్యాధికి వాడు మందులు. మూర్ఛలో మెదడునందు వలెనే, ఇక్కడ నాడియందు అకారణముగా విద్యుత్ప్రేరణలు చెలరేగుటయే ఇందుకు హేతువు. ఫినిటాయిన్ అను మందును 1942 లో ఫ్రాన్సున ఈ నొప్పికి వాడి చూచిరి. కార్బమజెపీన్ అను మందు ఇంకను బాగుగా పనిచేయునని స్వీడన్ వైద్యుడు బ్లోమ్ 1962 లో ప్రకటించెను. నాటినుండి నేటి వరకును మొదట ఇచ్చు మందు అదియే. వైద్యుడు మూర్ఛమందు వ్రాసినాడని రోగి బెదరవలసిన పనిలేదు. రోగికి మూర్ఛ యున్నదని దాని యర్థము కాదు.

కార్బమజెపీన్‌ను సాధారణముగా 100 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు రెండుసారులు మొదలుపెట్టి, నొప్పి లొంగువరకు కొన్ని దినముల కొకసారి మెల్లగా పెంచుదురు. చాలమందికి దినమునకు 600 నుండి 1200 మిల్లీగ్రాములలోపుననే గుణము కనిపించును. మొదట్లో ఈ మందు ఇచ్చు ఉపశమనము చాలమందికి ఆశ్చర్యము గొల్పునంత త్వరగా వచ్చును. కొన్ని దినములలోనే రోగి కడుపునిండ అన్నము తినగలుగును.

ఇది తక్కెడలో ఒక వైపు. రెండవ వైపున నున్న వానిని కూడ చూడవలెను. మగత, తల తిరుగుట, నడకలో తూలుట, జ్ఞాపకము మందగించుట ఈ మందువలన కలుగవచ్చును. ముసలివారు తూలి పడి తుంటి విరుగగొట్టుకొనిన, నొప్పి తగ్గిన లాభము వ్యర్థమగును. రక్తములోని సోడియము అను లవణాంశము పడిపోవచ్చును, తెల్లకణములు తగ్గవచ్చును, కాలేయము దెబ్బతినవచ్చును. అందుచేత అప్పుడప్పుడు రక్తపరీక్ష తప్పదు. గర్భనిరోధక మాత్రల శక్తిని, రక్తము పలుచబరచు వార్ఫరిన్ వంటి మందుల శక్తిని ఇది తగ్గించును. గర్భవతులును, గర్భము కోరువారును ముందుగా వైద్యునితో చెప్పి తీరవలెను.

మరియొక ప్రమాదము అరుదైనను తెలిసికొనదగినది. కొందరికి ఈ మందు మొదలుపెట్టిన మొదటి రెండు నెలలలో ఒంటిమీద దద్దుర్లు లేచి, నోరు కండ్లు పుండ్లు పడి, చర్మము ఊడిపోవునంత తీవ్రమైన వికారము కలుగును. హెచ్.ఎల్.ఎ.-బి 15:02 అను వంశపారంపర్య లక్షణము గల వారికి ఈ ప్రమాద మధిక మని తేలినది. ఆ లక్షణము ఆసియా ఖండవాసులలో నెక్కువ. భారతీయ రోగులలోను ఈ సంబంధము కనబడినది. దానిని ముందే కనిపెట్టు రక్తపరీక్ష కలదు. పరీక్ష చేయించుకొనినను, చేయించుకొనకున్నను, మందు మొదలుపెట్టిన తరువాత జ్వరముతో దద్దుర్లు కనబడిన మరుసటి మోతాదు వేసికొనక వెంటనే వైద్యుని కలిసికొనవలెను. ఈ ఒక్క సందర్భము తప్ప, మందును తమంతట హఠాత్తుగా మానరాదు. మెల్లగా తగ్గించుచు రావలెను.

కార్బమజెపీన్ సరిపడనివారికి ఆక్స్‌కార్బజెపీన్ ఇత్తురు. మగత కొంత తక్కువ. ఇతర ఔషధములతో పేచీ తక్కువ. కాని సోడియము పడిపోవుట ఎక్కువ. ఒక మందు చాలనప్పుడు లామోట్రిజిన్, బాక్లోఫెన్, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ అనువానిలో నొకటి చేర్చుదురు. వీనికి ఆధారము మొదటి రెండింటి కున్నంత బలముగా లేదు. ఈ వ్యాధికి ఒక స్వభావము కలదు. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి నొప్పి తానుగా అణగియుండి, మరల వచ్చును. అణగిన కాలములో వైద్యుని సలహాపై మందు తగ్గించుకొనవచ్చును. కాని కాలము గడచినకొలది విరామములు తగ్గి, మోతాదులు పెరుగుట చాలమంది అనుభవము.

తల తెరచి చేయు శస్త్రచికిత్స

మాత్రలతో నొప్పి లొంగనప్పుడు గాని, లొంగినను మగతచేత పని చేసికొనలేనప్పుడు గాని శస్త్రచికిత్స మాట వచ్చును. వీనిలో కారణమును నేరుగా సరిచేయునది ఒక్కటే. నాడిమీద పడిన రక్తనాళమును తొలగించి, రెంటికిని నడుమ మెత్తని టెఫ్లాన్ దూదిని ఉంచుట. బాల్టిమోరు నగరమున శస్త్రవైద్యుడైన వాల్టర్ డాండీ 1930 ప్రాంతములలోనే నాడిమీద రక్తనాళము ఆనియుండుట కన్నులార చూచెను. సూక్ష్మదర్శిని సహాయముతో దానిని తొలగించు పద్ధతిని 1967 నుండి స్థిరపరచినవాడు అమెరికా దేశీయుడైన పీటర్ జానెట్టా.

రోగికి పూర్తి మత్తు ఇచ్చి, చెవి వెనుక కపాలములో చిన్న రంధ్రము చేసి ఈ చికిత్స చేయుదురు. కొన్ని దినములు ఆసుపత్రిలో నుండవలెను. నాడిని కోయరు, కాల్చరు. కావున మొగము మొద్దుబారుట అరుదు. పిట్స్‌బర్గ్‌లో ఈ విధముగా శస్త్రచికిత్స పొందిన 1185 మంది రోగుల వృత్తాంతమును 1996 లో ప్రకటించిరి. పదియేండ్లు గడచినను నూటికి డెబ్బదిమంది మందులు లేకుండనే నొప్పి లేక యుండిరి. ఇంత చిరకాలము నిలుచు ఉపశమనము మరి యే చికిత్సయందును లేదు. ఆ 1185 మందిలో ఇద్దరు మరణించిరి. నూటికి ఒకరికి ఆ ప్రక్క చెవి వినికిడి పోయెను. ఇవి ఎంతో అనుభవము గల చేతులు చేసిన చికిత్సల ఫలితము లని మరువరాదు. అనుభవము తక్కువైన చోట ప్రమాదము హెచ్చవచ్చును.

సూదితో చేయునవి

రెండవ వర్గపు చికిత్సలు తల తెరువనివి. నోటి ప్రక్కన చెంపలోనుండి పొడవైన సూదిని పోనిచ్చి, కపాలము అడుగున నాడి వెలువడు రంధ్రము ద్వారా నాడీగ్రంథిని చేరి, అక్కడ నాడిని కొంతవరకు పాడుచేయుట వీని సూత్రము. రేడియో తరంగముల వేడిమితో చేయు పద్ధతిని 1974 లోను, గ్లిసరాల్ ద్రవము నెక్కించు పద్ధతిని 1981 లోను, చిన్న బెలూను నుబ్బించి నాడిని ఒత్తు పద్ధతిని 1983 లోను వైద్యులు ప్రకటించిరి. వేడిమితో చేయు పద్ధతిలో రోగిని నడుమ నడుమ మేలుకొలిపి, ఏ పాయలో తాకుచున్నదో అడిగి తెలిసికొందురు. బెలూను పద్ధతిలో రోగి పూర్తిగా మత్తులో నుండును.

వీని గొప్పతనము సులువు, త్వరితము. నూటికి తొంబదిమందికి వెంటనే నొప్పి తగ్గును. వృద్ధులకును, గుండె ఊపిరితిత్తులు బలహీనముగా నున్నవారికిని కూడ చేయవచ్చును. నొప్పి తిరిగి వచ్చిన మరల చేయవచ్చును. వీని లోపము నిలుకడ లేమి. అయిదేండ్లు గడచునప్పటికి సుమారు సగముమందికి నొప్పి తిరిగి వచ్చును.

వీనికి చెల్లించు మూల్యము మొద్దుబారుట. సుమారు సగముమందికి మొగములో కొంత భాగము స్పర్శ తెలియని దగును. చాలమంది దానిని లెక్కచేయరు. నొప్పి పోయిన చాలునందురు. కాని నూటికి నలుగురైదుగురికి మొద్దుబారిన చోటనే ఎడతెగని మంట పుట్టి, మొదటి నొప్పికంటె దుర్భరమగును. దానికి మంచి చికిత్స లేదు. అదేవిధముగా కొలదిమందికి కంటి నల్లగ్రుడ్డును కప్పియుండు పారదర్శకమైన పొర స్పర్శ కోల్పోవును. అట్టివారికి కంటిలో నలుసు పడినను తెలియక పుండు పడవచ్చును. నొప్పి మొదటి పాయలో, అనగా కంటి దగ్గర నున్నవారు ఈ ప్రమాదమును ముందుగా చర్చించుకొనవలెను. బెలూను పద్ధతి తరువాత నమలు కండరములు కొన్ని వారములు లేక నెలలు బలహీనముగా నుండి, పిదప సాధారణముగా కోలుకొనును.

కిరణ చికిత్స

మూడవ వర్గము కత్తి లేనిది, సూది లేనిది. స్వీడన్ శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951 లో మొదటిసారిగా ఈ వ్యాధికి కిరణములను ప్రయోగించెను. ఇప్పుడు గామా నైఫ్ అను యంత్రముతో అనేక దిశలనుండి సన్నని కిరణములను నాడీమూలము నొక్కచోట కలియునట్లు చేయుదురు. పేరులో కత్తి యున్నను, కోత యేమియు లేదు. చాలవరకు ఒక దినములోనే పని పూర్తియగును. పూర్తి మత్తు అక్కరలేదు. రక్తము పలుచబరచు మందులు వాడువారికి ఇది అనుకూలము.

అయితే కిరణములు పనిచేయుటకు వారములు పట్టును. కొందరికి నెలలు పట్టును. అంతవరకు మాత్రలు కొనసాగించుచునే యుండవలెను. ఏడాది గడచునప్పటికి మందులు లేకుండ నొప్పి లేనివారు సుమారు మూడింట రెండు వంతులమంది, మూడేండ్లకు సగముమంది. మొగము మొద్దుబారుట ఇక్కడను కలదు. అది కొన్ని నెలల తరువాత మెల్లగా కనబడును. కనుక కోత లేనంత మాత్రమున ఖర్చు లేని చికిత్స యని భావింపరాదు.

తక్కెడ ఎట్లు పట్టవలెను?

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. వీనిలో ఒకటి అందరికిని శ్రేష్ఠమని చెప్పుటకు వీలులేదు. ప్రతి చికిత్సయు ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకొనును. మాత్రలు చురుకుదనమును పుచ్చుకొనును. తల తెరచు శస్త్రచికిత్స కొద్దిపాటి ప్రాణభయమును, చెవుడు వచ్చు భయమును ఎదుట పెట్టి, చిరకాల సుఖము నిచ్చును. సూది చికిత్స స్పర్శను పుచ్చుకొని, తక్షణ సుఖము నిచ్చును. కిరణ చికిత్స కాలమును పుచ్చుకొనును. దేనిని ఇచ్చుకొనగలము, దేనిని ఇచ్చుకొనలేము అను సంగతి రోగికే తెలియును. వైద్యునకు రోగి చెప్పవలెను.

ఉదాహరణముగా మూడు సందర్భములను ఊహింతము. నలుబదియైదేండ్ల ఉపాధ్యాయిని యొకరు. ఆరోగ్యము మంచిది. చిత్రపరీక్షలో రక్తనాళము నాడిని గట్టిగా ఒత్తుచున్నట్లు కనబడినది. మాత్రలతో నొప్పి తగ్గినది గాని తరగతిలో మాట తడబడుచున్నది, లెక్కలు తప్పుచున్నవి. ముందు ముప్పదియేండ్ల జీవిత మున్నది. ఈమె శస్త్రచికిత్సను గూర్చి త్వరగా విచారించుట సమంజసము. పదియేండ్లు మగతలో గడిపి, ఆపైన రక్తపుపోటు మధుమేహము వచ్చిన తరువాత విచారించుట సమంజసము కాదు.

రెండవవారు డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధుడు. గుండెజబ్బు కలదు. వారము దినములుగా గంజి నీళ్ళు తప్ప ఏమియు దిగుట లేదు. ఆయనకు దీర్ఘమైన మత్తు ప్రమాదము. కిరణ చికిత్స ఫలించువరకు వేచియుండు శక్తి లేదు. ఇట్టివారికి సూది చికిత్స తగినది. ఇదే వయస్సువాడు, రక్తము పలుచబరచు మందును ఆపుటకు వీలులేనివాడు, కాని మాత్రలతో నొప్పిని కొంతకాలము ఓర్చుకొనగలవాడు అయినచో కిరణ చికిత్స మేలు కావచ్చును.

మూడవవారికి ఎడమ చెవి చిన్ననాడే పోయినది. నొప్పి కుడి ప్రక్కన వచ్చినది. శస్త్రచికిత్సలో చెవుడు నూటికి ఒకరికే అయినను, ఆ ఒకరు తానే యైన లోకమంతయు నిశ్శబ్దమగును. నూటికి ఒకటి యను అంకె ఒకటే. దాని బరువు మాత్రము మనిషి మనిషికి మారును. సంఖ్యలను చూచునప్పుడు ఈ సంగతి జ్ఞాపక ముంచుకొనవలెను.

శస్త్రచికిత్స యనిన కడపటి దిక్కు అను భావము మన ఇండ్లలో బలముగా నున్నది. ఈ వ్యాధి విషయమున ఆ భావము కొంత హాని చేయుచున్నది. మాత్రలు పనిచేయుచున్నప్పుడే శస్త్రవైద్యుని ఒకసారి కలిసికొని, తనకు ఏ మార్గము లున్నవో తెలిసికొని యుంచుకొనుట వివేకము. అంతమాత్రమున శస్త్రచికిత్స చేయించుకొని తీరవలెనని కాదు. నొప్పి ముదిరి, తిండి నిద్ర మాని, ఏదైన సరే చేయుడని ప్రాధేయపడు స్థితిలో తీసికొను నిర్ణయముకంటె, నెమ్మదిగా నున్నప్పుడు తీసికొను నిర్ణయము మేలైనది.

వైద్యుని చెంతకు పోవునప్పుడు ఈ ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొని పోవలెను. నాకు ఈ వ్యాధియే యని ఏ ఆధారమున నిర్ణయించితిరి? చిత్రపరీక్షలో రక్తనాళము కనబడినదా? ఈ చికిత్సవలన నాకు కలుగగల నష్ట మేమి, అది తిరిగి కోలుకొనునా? నొప్పి మరల వచ్చిన తరువాతి మార్గ మేమి? ఈ చికిత్సను మీరు ఏటా ఎందరికి చేయుచున్నారు? ఈ కడపటి ప్రశ్న అడుగుటకు సంకోచింప నక్కరలేదు. ఒకే పద్ధతి నెరిగిన చోట ఆ పద్ధతియే మంచిదని చెప్పుట మనుష్య స్వభావము. అందుచేత వీలైనచో అన్ని మార్గములును తెలిసిన పెద్ద ఆసుపత్రిలో రెండవ అభిప్రాయము తీసికొనుట మంచిది.

ఇంటివారు చేయదగినది

రోగి మొగము చూచిన ఈ బాధ పైకి తెలియదు. వాపు లేదు, జ్వరము లేదు. ఇప్పుడే నవ్వుచు నుండి, మరుక్షణమున చెంప పట్టుకొని కన్నీరు కార్చును. కోడలు పనికి వెనుదీయుచున్నదనియో, తాతగారు చాదస్తము చేయుచున్నారనియో అనుకొనుట అన్యాయము. వారిని మాటిమాటికి పలుకరించి బదులు చెప్పుమని నిర్బంధింపరాదు. మెత్తని ఆహారమును గోరువెచ్చగా పెట్టవలెను. బయటికి పోవునప్పుడు చెంపకు గాలి తగులకుండ పైట గాని శాలువ గాని కప్పుకొనుట మంచిది. నూనె రాచి మర్దన చేయుట, కాపడము పెట్టుట తరచుగా నొప్పిని రేపును. నొప్పి యెప్పుడు, ఎన్నిసారులు, ఏ పని చేయగా వచ్చినది, ఆనాడు ఎన్ని మాత్రలు వేసికొనినది ఒక చిన్న పుస్తకములో వ్రాసి యుంచిన వైద్యునకు మిక్కిలి ఉపకరించును.

ఒకటి రెండు దినములు నీరు కూడ దిగనప్పుడు ఇంటివద్ద నుంచరాదు. ఆసుపత్రిలో సెలైను ద్వారా నీటిని, మందును ఇచ్చి నొప్పిని అణచు మార్గములు కలవు. దీర్ఘకాలపు బాధచేత జీవితముపై విరక్తి పుట్టి, ఇంక బ్రతుకనేల అను మాట రోగి నోట వచ్చినచో దానిని ఊరకే అన్నమాటగా కొట్టివేయక, ఒంటరిగా విడువక, ఆనాడే వైద్యునకు తెలుపవలెను. నొప్పి తగ్గినకొలది ఆ విరక్తియు తగ్గుట వైద్యులు తరచుగా చూచుచున్న విషయమే.

ఎవరి ఇంటనైన ఈ లక్షణములు గలవారు ఉన్నచో, పన్ను పీకించుటకు ముందు నాడీవైద్యునకు చూపుడు. మాత్రలను చెప్పిన క్రమమున వాడుడు, రక్తపరీక్షలను దాటవేయకుడు. ఆరు నెలలలో మాత్రలు నొప్పిని గాని, మగతను గాని అదుపులో నుంచలేకపోయిన, మిగిలిన మార్గములను గూర్చి అడుగుటకు వేళయైన దని తెలిసికొనుడు. మార్గములు ఒకటికి నాలుగు కలవు. ఒకటి సరిపడనిచో మరియొకటి మిగిలియే యుండును.